నీరసమునకు మందేది?

హనుమకొండలో వేయిస్తంభముల గుడి ప్రాంగణమున, 1163వ సంవత్సరములో కాకతి రుద్రదేవుడు శివునకును విష్ణువునకును సూర్యునకును త్రికూటముగా నెలకొల్పిన ఆ నల్లరాతి కట్టడము నెదుట, సాయంకాలము పెద్దలు వచ్చి మెట్లపై కూర్చుండి ముచ్చటించుకొనుట ఈ ఊరివారికి చిరకాలముగా అలవాటైన విషయము. కార్తికమాసమున ఒకనాటి సాయంకాలము నేనును అట్లే పోయి కూర్చుండగా, నాకు మిత్రులును, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లకు పైగా జీవశాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనుచున్నవారును అగు పంతులుగారును, వారి మేనల్లుడును అచ్చటికి వచ్చిరి. అల్లుడు ఔషధశాస్త్రమున పట్టము పొంది చౌరస్తా సమీపమున మందుల దుకాణము నడుపుచున్నవాడు. చదువరి, మాటనేర్పరి, మేనమామయందు మిక్కిలి గౌరవము గలవాడు. కొంతకాలముగా మామ నడకలో వడి తగ్గినదనియు, మధ్యాహ్నము భోజనమైన తోడనే కునికిపాట్లు పడుచున్నాడనియు కనిపెట్టి, నాడు ఒక పెద్ద డబ్బాను సంచిలో పెట్టుకొని వచ్చి ఆయన చేతి కిచ్చెను. దానిపై ఉదయించుచున్న సూర్యుని బొమ్మయు, విటమినుల పేళ్లును ఖనిజముల పేళ్లును గల పొడవైన పట్టికయు ఉండెను. మామ దాని నొకసారి త్రిప్పి చూచి, మాటాడక, మెట్టుమీద తన ప్రక్కన పెట్టెను. అంతట వారిరువురి నడుమ నడచిన సంవాదమును నాకు జ్ఞప్తి యున్నంతవఱకు ఈ క్రింద వ్రాయుచున్నాను.

అల్లుడు: మామా, దానిని అట్లు ప్రక్కన పెట్టితిరేమి? ఉదయము రెండు చెంచాలు, రాత్రి రెండు చెంచాలు పాలలో కలుపుకొని త్రాగుడు. నెలదినములలో మీ నీరసము తీరిపోవును.

మామ: నీరసమను మాట నీ నోట వచ్చినది గనుక దానితోడనే మొదలుపెట్టుదము. రసము లేనిది నీరసము. మన ప్రాచీనవైద్యులు దేహమునందలి సప్తధాతువులలో రసమును మొదటిదిగా నెంచి, తిన్న అన్నము చక్కగా పచనమైనపుడే అది పుట్టునని చెప్పిరి. మన పల్లెలవారు అదే బాధను ‘తాకత్తు లేద’ని చెప్పుకొందురు. ఈ రెండుమాటలకును నడుమ పెద్ద దూరమున్నది. నీరసమనువాడు తన లోపల ఏదో లోపించినదని చెప్పుకొనుచున్నాడు. తాకత్తు కావలెననువాడు వెలుపలనుండి దేనినో తెచ్చి పోసికొనగోరుచున్నాడు. నీ దుకాణమునందు అమ్ముడుపోవుచున్నది ఈ రెండవ కోరిక.

అల్లుడు: లోపించినదని మీరే యనుచున్నారు. లోపించినదానిని పూరించుటకే గదా మేము సప్లిమెంటులని పిలుచు ఈ పూరకములు! ఇంక తగవెక్కడిది?

మామ: ఏది లోపించినదో తెలియక పూరించుటయందున్నది తగవు. డబ్బాపై ‘శక్తి’ యని పెద్ద అక్షరములతో అచ్చువేసినారు. శక్తికి శాస్త్రమున కొలత యున్నది. పిండిపదార్థము గ్రామునకు నాలుగు కేలరీలు, మాంసకృత్తు నాలుగు, క్రొవ్వు తొమ్మిది; విటమినుల వలనను ఖనిజముల వలనను వచ్చునది సున్న. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్కెతో కలసి పనిచేయుచు, 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా నేను ముప్పదియేండ్లు నల్లబల్లపై ఏటీపీ యని వ్రాసిన ద్రవ్యమును, కండరములనుండి వేఱుపఱచి చూపెను. ఆ యేటనే జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. మనము చేయి కదపినను, రెప్ప వాల్చినను, ఊరక కూర్చుండి ఆలోచించినను వ్యయమగుచున్నది ఈ నాణెమే. ఏ క్షణమునందైనను అది దేహములో కొద్ది తులములే యుండును. ఐనను విఱిగిన అణువు మరల కూడుచు, కూడినది మరల విఱుగుచు, ఒక్క దినములో సుమారు మన దేహపు బరువుతో తూగునంత నాణెము మనలో ముద్రింపబడుచుండును. ఆ టంకసాల మన కణములయందే యున్నది. దానికి ముడిసరకు అన్నమును గాలియును. ఆ నాణెములను డబ్బాలో పోసి అమ్మగలవాడు లోకమున లేడు.

అల్లుడు: టంకసాలయని మీరే చెప్పితిరి గనుక, అందులో పనిముట్లుండవలెనని కూడ ఒప్పుకొనుడు. లోహము కుప్పలుగా నున్నను అచ్చు లేనిచో నాణెము పడదు. అన్నమునందలి చక్కెర ఏటీపీ యగు మార్గములో థయమిన్ అను బి-1 విటమిను ఒక ద్వారమును తెఱచి పట్టుకొనవలెను. రైబోఫ్లేవిను, నయాసిను ఆపై పనులను చేయవలెను. ఊపిరిలోని ప్రాణవాయువును కణమువఱకు మోసికొనిపోవుటకు నెత్తుటిలో ఇనుము ఉండవలెను. వీనిలో కేలరీలు లేవనుట సత్యమే. కాని ఇవి లేకున్న కడుపునిండ తిన్న కేలరీలు పనికిరావు. ఇది మనవారి యిండ్లలో జరిగిన కథ. మర పట్టిన తెల్లని పచ్చిబియ్యము తిన్న ఉత్తరసర్కారుల కోస్తా జిల్లాలలో బెరిబెరి వ్యాధి వేళ్లూనియుండెను. కంచము నిండుగ అన్నము తినువారికే కాళ్లు తిమ్మిరులెక్కి, గుండె నీరసించి, ప్రాణములు పోయెను. ఆ వ్యాధిని శోధించుటకు 1918లో రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులో ఒక చిన్నగదిలో ఆరంభించిన విచారణయే క్రమక్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు దాల్చెను. జావాద్వీపమున కోళ్లకు తెల్లబియ్యము మేపి ఈ రహస్యపు కొసను పట్టుకొన్న ఐక్మాన్ పండితునకు నోబెల్ బహుమానము వచ్చిన సంవత్సరమేదో జ్ఞప్తి యున్నదా? మీరు చెప్పిన 1929! నాణెము కనుగొనబడిన యేడే, అచ్చు లేక ముద్రణ సాగదన్న సత్యమునకును పట్టాభిషేకము జరిగినది.

మామ: చక్కగా చెప్పితివి. కాని బెరిబెరికి విరుగుడెక్కడ దొరకెను? బియ్యపు తవుడులో. ధాన్యమును ఉడికించి దంచిన ఉప్పుడుబియ్యము తినినవారికి ఆ వ్యాధి అంటలేదు. ఉడికించునప్పుడు పైపొరలోని విటమిను గింజలోనికి దిగి నిలిచెను గనుక. మనము తవుడును పశువులకు వేసి, బియ్యమును నాలుగునీళ్లు కడిగి, గంజిని వార్చి పాఱబోసి, పిమ్మట ఆ పాఱబోసినదానినే డబ్బాలో కొనుక్కొనుచున్నాము. మా అమ్మ ఉదయము జొన్నగటుకలో చల్ల పోసి పెట్టెడిది. తైదంబలి త్రాగి మా నాయన మధ్యాహ్నమువఱకు నాగలి దున్నెడివాడు. సద్దుల బతుకమ్మనాడు ఈ గుడిముందరనే ఆడబిడ్డలు నువ్వుల సద్ది, పల్లీల సద్ది, సత్తుపిండి పంచిపెట్టుదురు. అందులోని మాంసకృత్తును, ఇనుమును, మంచి క్రొవ్వును లెక్కించినచో నీ డబ్బా సిగ్గుపడవలెను. మేడారములో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారమని మనవారు సమర్పించునది బెల్లము. కష్టించు జనము దేనిని బంగారమని పిలిచెనో చూడుము.

అల్లుడు: ఆ బంగారమునకు నేనును చేతులెత్తి మ్రొక్కెదను, కాని మ్రొక్కునకును మోతాదునకును భేదము చూపుట నా వృత్తిధర్మము. బెల్లములో ఇనుము కొద్దిగనే యున్నది, చక్కెర మెండుగ నున్నది. నెత్తురు తగ్గిన ఆడకూతురును బెల్లము తినుమని పంపినచో ఆమె నెత్తురు పెరుగదు. జొన్నయందురా? ఈ దక్కను పీఠభూమిలో జొన్నయే సర్వస్వముగా తిన్న పేదలకు పెల్లాగ్రా వచ్చి, మెడచుట్టును చేతులమీదను చర్మము కాలినట్లు నల్లబడి, విరేచనములు పట్టి, మతి చెడిన సంగతిని హైదరాబాదులోని ఆ సంస్థయే వర్ణించినది. జొన్నలో ల్యూసిన్ అధికముగా నుండి నయాసిను వినియోగమునకు అడ్డు తగులుచున్నదని 1960లో గోపాలన్ గారును వారి సహచరులును ప్రతిపాదించిరి. పాతదైనంత మాత్రమున కంచము పరిపూర్ణము కాదు, మామా.

మామ: పెల్లాగ్రా జొన్నదోషమని నేనొప్పుకొనను, జొన్న తప్ప వేఱేదియు లేని దారిద్ర్యదోషము. ప్రక్కన పప్పు, పాలు, ఇంత కూర ఉన్న యింటికి ఆ వ్యాధి రాలేదు. నేను చెప్పునది నిండు కంచమునుగూర్చి.

అల్లుడు: నిండు కంచమే యనుకొందము. పుంటికూర, తోటకూర, తైదలు, సజ్జలు, పప్పులు, వీనిలో ఇనుము ఉన్నది. కాని ధాన్యములలోని ఫైటేటులు దానిని బంధించును. భోజనమైన తోడనే త్రాగు తేనీరు దానిని మఱింత అడ్డగించును. మన భోజనమునందలి ఇనుములో నూటికి ఐదు మొదలు ఎనిమిది పాళ్లకు మించి ఒంటబట్టదని లెక్క వేసినారు. 2019 మొదలు 2021 వఱకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన తెలంగాణములో పదునైదు మొదలు నలువదితొమ్మిది యేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత గలవారని తేలెను. హిమోగ్లోబిను పండ్రెండు గ్రాములుండవలసినచోట ఏడు గ్రాములతో, రెండు మెట్లెక్కి గోడ పట్టుకొని నిలువబడు బాలింతకు మీరు పుంటికూర వండిపెట్టి ఎన్ని నెలలు వేచియుందురు? అట్టివారికొఱకే గదా ప్రభుత్వము గర్భిణులకు నూటయెనుబది దినములు దినమునకొకటి చొప్పున, అరువది మిల్లీగ్రాముల ఇనుమును అయిదువందల మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గల గోలీల నిచ్చుచున్నది! బడిపిల్లలకు వారమున కొకటి నీలపు గోలీ యిచ్చుచున్నది! అవి పూరకములు కావా? ఎదుటి గుడిలో సూర్యునకు ప్రత్యేకముగా గర్భాలయము కట్టిన ఊరిలో, గదులలో పుట్టి గదులలో చదివి గదులలో కొలువుచేయుచున్న మనవారికి ఎండతో వచ్చు డి-విటమినే తక్కువైనది, దానికేమందురు?

మామ: ఇనుపగోలీకి నేను విరోధిని కాను. అంగన్‌వాడీలో 2015 నుండి ఆరోగ్యలక్ష్మి పేరిట గర్భిణికి అన్నము, పప్పు, కూర, గ్రుడ్డు, పాలు పెట్టి, అచ్చటనే ఇనుపగోలీ కూడ నిచ్చు పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. అందులో గోలీ అన్నము వెంట నడచుచున్నది గాని అన్నపు పీటపై కూర్చుండలేదు. చౌకబియ్యములో నూటి కొక పాలు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 చేర్చిన గింజలను కలుపుటకు 2021లో సంకల్పించి 2024 నాటికి దేశమంతటను వ్యాపింపజేసినపుడు, వానిని ‘ప్లాస్టిక్ బియ్య’మని ఏరి పాఱవేయుచున్న పొరుగువారికి నచ్చజెప్పినవాడను నేనే. నా విరోధము మఱియొకదానితో. నీ దుకాణమునకు వచ్చి ‘తాకత్తు గోలీ యిమ్మ’నువారిలో నెత్తురు పరీక్ష చేయించుకొని వచ్చువారెందఱు?

అల్లుడు: ... అరుదు.

మామ: మఱి వారు కొనుచున్నదేమి? ఒకడు పల్లెలో సూదివైద్యునియొద్ద అరరోజు పడుకొని గ్లూకోజు సీసా ఎక్కించుకొని, కూలి డబ్బులన్నియు ఇచ్చి లేచును. అయిదు శాతము గ్లూకోజుగల అరలీటరు సీసాలో నున్న చక్కెర ఇరువదియైదు గ్రాములు; ఒక అరటిపండు తిన్నచో వచ్చునంత శక్తి. ఇంకొకడు డబ్బీలోని శీతలపానీయమును త్రాగి, రెక్కలు మొలిచినట్లుండెననును. ఆ పానీయమున నున్నది కెఫీను. లీటరునకు 300 మిల్లీగ్రాములు మించరాదని మన ఆహారప్రమాణముల సంస్థ హద్దు పెట్టవలసినంత గాఢమైన కెఫీను. అది చేయు పనిని విన్నచో నీవు సుబ్బారావునే మరల తలచుకొందువు. నాణెము విఱిగి వ్యయమగుచుండగా మిగిలిన అడినోసిను మెదడులో పోగై, ‘ఇక చాలును, నిద్రింపు’మని కబురు చెప్పును. కెఫీను పోయి ఆ కబురు వినవలసిన చెవిని మూసి కూర్చుండును. అలసట అలసటగానే యుండును. దాని గొంతు మాత్రము వినబడదు. పరీక్షలు దగ్గరపడినపుడు మన హాస్టళ్ల పిల్లలు రాత్రి రెండుగంటలవఱకు మేలుకొనుటకు వీనిని త్రాగి, నిద్ర చెడి, ఆ చెడిన నిద్ర తెచ్చిన అలసటకు మరల దానినే త్రాగుచున్నారు. దీనిని శక్తి యనుట అప్పును ఆదాయమని లెక్క వ్రాసికొనుటయే.

అల్లుడు: గ్లూకోజు సీసాను, ఆ పానీయములను నేనును సమర్థింపను. మా విటమినులను వానితో ఒకే గాటను కట్టకుడు. చట్టము వీనికి వేఱుగ నున్నది. 2006 నాటి ఆహారభద్రతా చట్టము క్రింద వెలువడిన నియమావళి ప్రకారము ప్రతి డబ్బాపై పదునాలుగంకెల లైసెన్సు సంఖ్య యుండవలెను. ఇది మందుగా వాడుటకు కాదని వ్రాయవలెను. పూరకములన్నియు వట్టివని కొట్టివేయుటకును వీలులేదు. నెహ్రూ స్టేడియములో ఉదయము పరుగెత్తు కుఱ్ఱలు కొందఱు క్రియాటిను అడుగుదురు. దినమునకు మూడు మొదలు అయిదు గ్రాములు తీసికొన్నచో బరువులెత్తుట, క్షణకాలపు వేగపు పరుగు, ఇట్టి పనులలో బలము పెరుగుట ఎన్నో పరిశోధనలలో నిలకడగా కనబడినది. మాంసము తిననివారికి కండరములలో అది సహజముగనే తక్కువ. దాని వెనుక నున్నదెవరు? ఇందాక మీరు చెప్పిన 1927 నాటి ఫాస్ఫోక్రియాటినే, మీ సుబ్బారావుగారే!

మామ: బాగు, నా గురువును నాపైకే తెచ్చితివి. ఆ కుఱ్ఱవాడు తనకు కావలసినదేమో యెఱిగి అడుగుచున్నాడు. మోతాదును, పనియును, పరిమితియును తెలిసియున్నవి. దినమంతయు కుర్చీలో కూర్చుండి సాయంకాలమునకు నీరసించు గుమాస్తాకు అదే క్రియాటిను ఏమి చేయును?

అల్లుడు: అంతగా ఏమియు చేయదు.

మామ: నిండిన కుండలో మఱి రెండు చెంబులు పోసిన పొంగిపోవును. బి-కాంప్లెక్సు మింగిన మఱునాడు మూత్రము గాఢముగా పచ్చబడుట అందఱును చూచినదే. దేహము తనకు అక్కఱలేని రైబోఫ్లేవినును గుమ్మముదాటించుచున్నది. అట్లు పొంగిపోనివి మఱింత భయంకరములు. వారమున కొకటి చొప్పున కొన్నివారములు తీసికొమ్మని వైద్యుడు వ్రాసిన అరువదివేల యూనిట్ల డి-విటమినును, చీటీని దాచుకొని నెలల తరబడి మింగువారున్నారు. నెత్తుటిలో సున్నము హెచ్చి, మూత్రపిండములు చెడి, ఓకరింతయు నీరసమును కలుగును. ఏది తొలగుటకు మింగిరో అదియే వచ్చును. బి-6 మితిమీరిన నరములనే చెఱచును. తలసీమియాతో రక్తము ఎక్కించుకొనుచున్న బిడ్డకు ఇనుపమందు తోచినట్లు పోసినచో, అది గుండెయందును కాలేయమునందును పేరుకొని విషమగును. జుట్టుకొఱకని మింగు బయోటిను థైరాయిడు పరీక్షనే తప్పుదారి పట్టించును. పూరకమనగా లోతు కొలువని నూతిలో ఱాళ్లు వేయుట కాదు గదా!

ఈ మాటతో అల్లుడు చాలసేపు మౌనము వహించెను. గుడిలో దీపములు వెలిగించుచుండిరి. పిమ్మట అతడు గొంతు తగ్గించి ఇట్లు చెప్పెను.

అల్లుడు: మామా, ఇంతవఱకు ఎవ్వరికిని చెప్పని సంగతి యొకటి చెప్పెదను. రెండేండ్ల క్రిందట ఒక ఆటో నడుపు కుఱ్ఱవాడు వచ్చి, ‘అన్నా, తాకత్తు లేదు, మంచి టానిక్ ఇమ్మ’నెను. ఇచ్చితిని. పదునైదు దినములకు మరల వచ్చెను. అంతకంటె ఖరీదైనది ఇచ్చితిని. ఇట్లు రెండునెలలు. సాయంకాలము జ్వరము వచ్చుచున్నదా, దగ్గుచున్నావా, బరువు తగ్గితివా, యని నేనడుగలేదు. అడిగినచో అతడు చెప్పియుండును. మూడవనెలలో నెత్తురు కక్కుకొని ఆసుపత్రికి పోయెను. క్షయ. ప్రాణము దక్కినది, ఆఱునెలలు మందులు వాడి బాగుపడెను. కాని ఆ రెండునెలలు అతడు ఆ దగ్గును తన యింటిలో పిల్లలతో పంచుకొనెను. నేనమ్మిన సీసాలలో దోషమేమియు లేదు, మామా. వాని ధైర్యమున అతడు వైద్యునియొద్దకు పోకుండెను. అదే దోషము.

మామ: నీవు చెప్పితివి గనుక నేనును దాచను. మీ అత్తమ్మ చక్కెరజబ్బునకు పదేండ్లుగా మెట్‌ఫార్మిను వాడుచున్నది. మా యింట గ్రుడ్డుగాని మాంసముగాని ముట్టము. కడచిన యేడు పాదములు మంటలనియు, సూదులతో గ్రుచ్చినట్లున్నదనియు, రెండడుగులు వేసిన అలసట యనియు ఆమె చెప్పుచుండగా, ‘వయస్సు మీఱినది, కొఱ్ఱన్నము తిను, తైదంబలి త్రాగు’మని నేను ఉపన్యాసములిచ్చితిని. ఎనిమిది నెలలు! తుదకు వైద్యురాలొకతె పరీక్ష చేయించి చూడగా బి-12 అట్టడుగున నుండెను. ఆ విటమిను ఏ ఆకులోను ఏ గింజలోను లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, చేపలు, వీనియందే కలదు. పైగా మెట్‌ఫార్మిను దీర్ఘకాలము వాడినచో అది ఒంటబట్టుట తగ్గును. నేను బడిలో చెప్పిన పాఠమే; ఇంటిలో గుర్తునకు రాలేదు. సూదులును పిమ్మట గోలీలును వాడగా ఆమె లేచి తిరుగుచున్నది గాని, పాదములలోని తిమ్మిరి కొంత అట్లే నిలిచిపోయినది. నీవు అడుగక గోలీనిచ్చితివి. నేను అడుగక అంబలి నిచ్చితిని.

అల్లుడు: ఆ సమయమున నా దుకాణమునకు వచ్చియుండినను నేను ఉత్త ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల గోలీలే యిచ్చియుందునేమో! అది ఇంకను ప్రమాదము. ఫోలిక్ ఆమ్లముతో నెత్తురు బాగుపడినట్లు కనబడును. బి-12 లేమిచేత నరములు చెడుట లోలోపల సాగుచునే యుండును.

మామ: అచ్చటికే నీవు రావలెనని నేననుకొంటిని. ఆ ఫోలిక్ ఆమ్లమును ఎవరిచ్చిరి? మరల సుబ్బారావే. యౌవనమున ఆయనను స్ప్రూ అను గ్రహణివ్యాధి పట్టి పీడించెను. అన్నదమ్ములిద్దఱు దానికే బలియైరి. ఆయన ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచేత బ్రతికి బయటపడెను. అట్టివాడు లెడర్లె ప్రయోగశాలకు నాయకుడై, 1945లో తన బృందముచే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. స్ప్రూవలన నెత్తురు చచ్చినవారికి అది ప్రాణము పోసెను. 1948లో ఆయన పోయిన యేటనే బి-12 స్ఫటికములుగా వేఱుపడెను. ఒక్క మనుష్యుని జీవితములో మన తగవు రెండువైపులను ఉన్నది చూచితివా? శక్తి నాణెము దేహములోనే పుట్టునని కనుగొన్నవాడును ఆయనయే. దేహములో లేనిదానిని వెలుపలనుండి ఇచ్చి తీరవలెనని గోలీ చేసినవాడును ఆయనయే. ఆ రెండింటికిని నడుమ ఆయన విడువనిది ఒకటి కలదు: లోపించినదేది యను ప్రశ్న. దానినే మనమిరువురమును విడిచితిమి.

అల్లుడు: ఐనచో రేపటినుండి నేనేమి చేయవలెను? వచ్చినవారినందఱిని వట్టిచేతులతో పంపలేను. పంపినచో ప్రక్క దుకాణములో కొందురు.

మామ: అమ్ముట మానుమని నేననను. అడిగి అమ్ముము. నిద్ర ఎట్లున్నది, తిండి ఏమి తినుచున్నావు, జ్వరము, దగ్గు, బరువు తగ్గుట ఉన్నవా, ఆడువారైనచో నెలసరి హెచ్చుగా నున్నదా, ఏ మందులు వాడుచున్నావు, అని అడుగుటకు రెండు నిముసములు చాలును. రెండుమూడు వారములకు మించిన నీరసమైనచో హిమోగ్లోబిను, చక్కెర, థైరాయిడు, అవసరమైన బి-12 చూపించుకొని వైద్యుని కలియుమనుము. ప్రభుత్వాసుపత్రులలో వీనిలో పెక్కింటికి రొక్కము పెట్టనక్కఱలేదు. లోపము తేలినపిమ్మట ధైర్యముగా పూరకమిమ్ము. వాడు విధముకూడ చెప్పుము.

అల్లుడు: ఆ పాఠము నాకు కంఠస్థము. ఇనుపగోలీని నిమ్మరసముతోనో ఉసిరితోనో తీసికొనవలెను. తేనీటికిని దానికిని గంట యెడముండవలెను. సున్నపుగోలీతో కలిపి మింగరాదు. థైరాయిడు గోలీ ఉదయము పరగడుపున వేసికొన్నచో ఇనుమును సున్నమును నాలుగు గంటలు దాటినపిమ్మటనే తీసికొనవలెను. మలము నల్లబడిన భయపడరాదు. ఇనుపగోలీలను పిల్లలకందకుండ పెట్టెలో దాచవలెను. రంగు చూచి మిఠాయియని మింగిన పసివానికి ప్రాణాపాయము. ఇవన్నియు తెలిసియు, ఇన్నాళ్లు మొదటి ప్రశ్న నడుగక పోతిని.

చీకటి పడుచుండెను. మాకు ఎదురుగా, అనేక సంవత్సరములు విప్పి నేలపై పఱచియుంచిన ఱాళ్లతో మరల నిలువబెట్టబడి 2024లో తెఱువబడిన కల్యాణమండపము దీపకాంతిలో కనబడుచుండెను. పంతులుగారు దానివంక చూపి, విప్పిన ప్రతి ఱాతికిని అంకె వేసి, ఏది ఎచ్చటనుండి తీసిరో అచ్చటనే చేర్చిరనియు, శిథిలమైనచోట మాత్రమే దాని కొలతకు సరిగా చెక్కిన క్రొత్త ఱాయి పెట్టిరనియు, బలము చాలదని ఎవ్వరును ఒక స్తంభము ప్రక్కన ఇంకొక స్తంభమును పాతలేదనియు చెప్పెను. అల్లుడు తలయూచెను గాని ఆ మాటలు వినుచున్నట్లు లేదు. మెట్టుమీది డబ్బాను తీసి సంచిలో పెట్టుకొని, మామవైపునకు తిరిగి కూర్చుండెను.

అల్లుడు: మామా, మిమ్మునడుగుచున్నాను. ఇందాక అడుగవలసినది. రాత్రి నిద్ర పట్టుచున్నదా?

మామ: పట్టకేమి! ... పట్టును. నాలుగుమారులు లేవవలసి వచ్చుచున్నది.

అల్లుడు: ఎందులకు?

మామ: మూత్రమునకు. దప్పియును హెచ్చుగానే యున్నది, ఎండలవలననేమో యనుకొంటిని.

అల్లుడు: కార్తికమాసములో ఎండలా, మామా? ఎన్నాళ్లనుండి?

పంతులుగారు వెంటనే బదులు చెప్పలేదు. వ్రేళ్లు మడచి నెలలు లెక్కించుకొనుచు, మూడవ వ్రేలియొద్ద ఆగి, అల్లుని ముఖము చూచెను.

అల్లుడు: రేపు ఉదయము ఏమియు తినకుడు. పరగడుపున నేను వచ్చి, బండిమీద మిమ్ము రక్తపరీక్షకు కొనిపోయెదను.

మామ మెల్లగా లేచి అల్లుని భుజముపై చేయి వేసెను. సంచిలో డబ్బా తగిలి చప్పుడగుచుండగా వారిరువురును మెట్లు దిగి వెడలిపోయిరి.